నలభై మూడో పేజీ పులుసు

తిరిగొచ్చి పది రోజులైంది. ప్రయాణానికి తీసుకెళ్లిన గుడ్డసంచి ఉతకడానికి వేస్తుంటే అడుగున ఒక కార్డు దొరికింది. మూలన పనసజిగురు అంటుకుని నల్లబడింది. సంచికి అంటిన జిగురు రెండు ఉతుకులకీ పోలేదు. కొబ్బరినూనె రాస్తే పోతుందని పక్కింటావిడ చెప్పింది గానీ, నేనే ఊరుకున్నాను.

నేను తెనాలిలో ఆడపిల్లల హాస్టలుకి వార్డెన్‌గా పనిచేసి రిటైరయ్యాను. అందులో పన్నెండేళ్లు మాకు వంట చేసిన మనిషి చుక్క అప్పలనర్సమ్మ. వాళ్లది విజయనగరం జిల్లా గజపతినగరం పక్కన పల్లె. నూట పది మంది పిల్లలకి రెండు పూటలా వండుతూ, పొయ్యి దగ్గర కూర్చుని ఆమె చెప్పే కబుర్లు వినడం నా ఉద్యోగంలో అన్నిటికన్నా ఇష్టమైన పని. మూడేళ్ల కిందట కోడలి పురుడని ఊరెళ్లి మళ్లీ రాలేదు. ఆ కబుర్లన్నీ కథలుగా రాసి, నేను రిటైరయ్యాక ‘నూట పది కంచాలు’ అని పుస్తకం వేశాను. ఆమె పేరు రామయ్యమ్మ అని మార్చాను.

ఆమెని అడగలేదు. ఫోన్ నంబరు మారిపోయిందని అందరికీ చెప్పాను. అది నిజమే గానీ, రెండుసార్లు చేసి ఊరుకున్నానన్నది కూడా నిజం. పుస్తకంలో ఆమె మొగుడు ఆమెని వదిలి వెళ్లిపోయిన సంగతి కూడా ఉంది. తెలిస్తే ఏమంటుందోనని భయం.

తెనాలిలో ఆవిష్కరణకి ఎనిమిది మంది వచ్చారు. వాళ్లలో ఇద్దరు మైకు పెట్టినవాళ్లు. అప్పుడే కార్డుల ఆలోచన వచ్చింది. హాస్టల్లో నేను రాసి అంటించిన నోటీసు ఒక్క పిల్లా చదివేది కాదు గానీ, వారం మెనూ మాత్రం అందరికీ కంఠతా వచ్చేది. అందుకని మూడు రకాల కార్డులు వేయించాను. ఒకదాని మీద హాస్టలు వారం మెనూ, వెనక పుస్తకం బొమ్మ. రెండోదాని మీద ఒక కథ మొదలు, సరిగ్గా తలుపు తట్టిన చప్పుడు దగ్గర ఆపేసి. మూడోదాని మీద ‘మా హాస్టలు వంటమనిషి చేసే నెత్తళ్ల పులుసు’, అంటే చిన్న చేపల పులుసు, ఎలా చేయాలో సగం. చివర్లో ‘దించే ముందు ఇందులో ఒకటి వేయాలి. అదేమిటో నలభై మూడో పేజీలో చూడండి’ అని, కింద ఒక ఖాళీ గీత.

విజయనగరంలో ఒక గ్రంథాలయం మేడ మీది హాలు ఆదివారం సాయంత్రానికి దొరికింది. నాకు ఉత్తరాలు రాసే ఒక లెక్చరరు గారు మాట్లాడిపెట్టారు. కార్డులన్నిటి కిందా ఆ సభ వివరాలు వేయించాను. దారిలో పంచుకుంటూ వెళ్లి, అప్పలనర్సమ్మని కలిసి, ఉన్న సంగతి చెప్పి, సభకి తీసుకురావాలని నా ఉద్దేశం. ఆమె కాదంటే మిగిలిన పుస్తకాలు అటకెక్కించేస్తానని మావారితో అని మరీ బయల్దేరాను.

కొత్తవలస

బుధవారం పొద్దున్నే దిగాను. ఇక్కడినుంచి కిరండూల్ లైను విడిపోతుంది కాబట్టి ప్లాట్‌ఫారం మీద ఎప్పుడూ ఎవరో ఒకరు బండి కోసం కాచుకునే ఉంటారు. చేతిలో పనిలేని జనం ఉన్నచోటే కార్డు చదువుతారని నా లెక్క. టీ కొట్టాయన పది రూపాయల టీ ఇచ్చి, కార్డుల కట్ట చూసి, “ఏటమ్మా, ఓట్లు వచ్చీసినాయేటి?” అన్నాడు. పుస్తకం అని చెప్పాను. ఒక మెనూ కార్డు తీసుకుని తన గాజు సీసాల వెనక నిలబెట్టాడు. “సోమవారం ఉప్మా, మంగళవారం పులిహోర. బాగుంది. నా కొట్టు మెనూ అనుకుంటారు,” అన్నాడు. ఒకాయన అప్పుడే పులిహోర ఉందా అని అడిగాడు కూడా.

నేను మనిషికొక కార్డు చొప్పున ప్లాట్‌ఫారం పొడుగునా ఇచ్చుకుంటూ పోయాను. వెనక్కి తిరిగి చూస్తే సగం మంది వాటితో విసురుకుంటున్నారు. ఎండ అలాంటిది, వాళ్లని అనడానికేం లేదు. ఇద్దరు మాత్రం కార్డు మీద పల్లీ పొట్టు పోసుకుంటున్నారు. వార్డెన్ బుద్ధి కదా, గట్టిగా ఒక మాట అనబోయి ఆపుకున్నాను.

బెంచీ మీద నా పక్కన ఒకావిడ కూర్చుని ఉంది. తెల్ల చీర, ఒళ్లో జిప్పు సంచిలో బైబిలు. బాప్టిస్టు సంఘంలో పిల్లలకి సండే స్కూలు చెబుతుందట. అరకులో చెల్లెలి దగ్గరికి వెళ్తోంది. నేను పడే అవస్థ అంతా చూస్తూనే ఉంది.

“అలగ కాదండీ. మీరు ఇచ్చీస్తన్నారు. ఇచ్చింది ఎవులూ సూడరు,” అంది.

“మరేం చెయ్యమంటారు?”

“మా సంఘంలో కొత్త సంవచ్చరం నాడు వాగ్దానం కార్డులుంటాయండి. ఒక్కో కార్డు మీద ఒక్కో వాక్యం. పాస్టరు గారు ఎవులికీ ఇవ్వరు. పళ్లెంలో బోర్లా ఏసి ఉంచుతారు. ఎవులి సెయ్యితో ఆళ్లు తియ్యాల. తీసినాక సూడండి, నీకేటొచ్చినాది, నాకేటొచ్చినాదని గుడి బయట గంటసేపు మాటలే. ఆ కార్డు ఏడాదంతా బైబిల్లోనే ఉంటాది.”

మాకు తెనాలిలో కూడా చర్చీలున్నాయి. మా హాస్టలు పిల్లలు బోలెడుమంది అలాంటి కార్డులు పుస్తకాల్లో దాచుకోవడం నేను చూశాను కూడా. కానీ ఎలా తీసుకుంటారో అడగాలని నాకెప్పుడూ తోచలేదు.

మూడు రకాల కార్డులూ కలిపి, పేకముక్కల్లా బోర్లా పట్టుకుని, ఎదురుగా కూర్చున్న కుటుంబం ముందు నిలబడి “ఒకటి తీయండి” అన్నాను. తీశారు. తిప్పి చూసుకున్నారు. మొగుడికి కథ వచ్చింది, పెళ్లానికి పులుసు వచ్చింది. “మార్చుకుందాం” అని అతను, “నేనివ్వను” అని ఆమె. పక్క బెంచీ వాళ్లు లేచి వచ్చారు. బండి వచ్చేలోగా అరవై కార్డులు నా చేతిలోంచి వాళ్లే లాక్కుపోయారు. తెల్లచీర ఆవిడ కూడా ఒకటి తీసింది. పులుసే వచ్చింది. బైబిల్లో పెట్టుకుని, “ఆదివారం ఆరాధన అయినాక కాళీయే. వస్తానండి,” అంది. రైల్లో అనే మాటలు ఎంతవరకు నమ్మాలో నాకు తెలుసు కాబట్టి నవ్వి ఊరుకున్నాను.

శృంగవరపుకోట

గురువారం కోటలో. ఊరి వెనకే కొండలు. మార్కెట్లో కొండ సరుకు కుప్పలు కుప్పలుగా పోసి ఉంది: పసుపు, చింతపండు, చీపుళ్లు, అన్నిటికన్నా ఎక్కువగా పనసకాయలు. మా వైపు పనసకాయ ఒకటి కొంటే వీధంతా చెప్పుకుంటాం. ఇక్కడ చంటిపిల్లలంత కాయలు నేల మీద దొర్లుతున్నాయి. ఉడకబెట్టిన పనసపిక్కలు పొట్లం పది రూపాయలు. చోడి అంబలి గ్లాసు పదిహేను, నంజుకోవడానికి ఉల్లిపాయ ముక్క, పచ్చిమిరపకాయ. మా ఊళ్లో దీన్నే రాగిజావ అని షుగరున్నవాళ్లు మొహం చిట్లించుకుని తాగుతారు. ఇక్కడ మూటలు మోసేవాళ్లు నిలబడి రెండేసి గ్లాసులు తాగి మళ్లీ మూట ఎత్తుకుంటున్నారు. నేనూ తాగాను. మధ్యాహ్నం దాకా ఆకలి వేయలేదు.

కొత్తవలసలో నేర్చుకున్న విద్య ఇక్కడా పారింది గానీ పులుసు కార్డు దగ్గర బోర్లా పడ్డాను. పనసకాయలమ్మే ఆమెకి చదువు వచ్చు. కార్డు తీసి, గట్టిగా, చుట్టుపక్కల అందరికీ వినపడేట్టు చదివింది. చింతపండు నానబెట్టి, నెత్తళ్లు వేయించి, ఉల్లిపాయ వేసి... చివరికొచ్చి ఆగింది.

“దించీ ముందు ఏటెయ్యాలో పుత్తకం కొని సూడాలా?”

“అవునమ్మా.”

“ఒలమ్మో! నెత్తళ్ల పులుసులో ఆకరున ఏటేత్తారో మాకు తెల్దేటి? పుట్టినకాడి నుంచి తినీసినాం.”

అందరూ గొల్లుమన్నారు. తెనాలిలో ఈ కార్డు చూసి నలుగురు నాకు ఫోన్ చేసి అడిగారు. ఇక్కడ చింతపండు కుప్ప దగ్గరున్న ముసలమ్మకి కూడా జవాబు తెలుసు. నా తెలివితేటలకి నాకే సిగ్గేసింది.

“సరే, ఏం వేస్తారో చెప్పండి మరి,” అన్నాను ఉక్రోషంగా.

పనసకాయలామె “ఎల్లుల్లి దంచి” అంది. చింతపండు ముసలమ్మ “మెంతిపొడి” అంది. చీపుళ్లామె ఇద్దరినీ కసిరి “ఆవపిండి కాదేటే” అంది. ఇంక చూడండి. బేరాలు వదిలేసి ముగ్గురూ వాదులాటకి దిగారు. కొనడానికొచ్చిన వాళ్లు కూడా తలోమాటా వేశారు. నేను గబగబా పెన్ను తీసి “ఆ గీత మీద మీమీ జవాబు రాయండి, రాయడం రానివాళ్లకి నేను రాస్తాను” అన్నాను. గీత ఎందుకు వేయించానో నాకే సరిగ్గా తెలియదు, కార్డు అందంగా ఉంటుందని ప్రెస్సువాళ్లు వేశారు. అదే పనికొచ్చింది. ఇరవై ముప్ఫై కార్డుల మీద రాశాం. నలభై మూడో పేజీలో ఉన్నది మాత్రం బెల్లం ముక్క. అది ఒక్కరూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అప్పుడు ఆలోచించలేదు, నాకే తెలిసిన రహస్యమని లోపల సంబరపడ్డాను.

ఆ సంబరంలోనే కార్డుల కట్ట తీసుకెళ్లి అప్పుడే కోసిన పనసకాయ పక్కన పెట్టాను. తీయబోతే కట్ట మొత్తం జిగురుకి అతుక్కుపోయింది. లాగితే కొన్ని చిరిగాయి, కొన్ని కాయకే ఉండిపోయాయి. పనసకాయలామె చేతికి నూనె రాసుకుని తీయబోతే ఇంతలో ఆటో వచ్చింది. ఎక్కడో పెళ్లికి పాతిక కాయలు చెప్పారట. కార్డులతో సహా కాయలు ఆటో ఎక్కాయి. “పోనీండి, ఆ పెళ్లోల్లు కూడా సదువుకుంటారు,” అంది ఆమె. సంచికి జిగురు అంటింది అక్కడే.

గజపతినగరం

శుక్రవారం పొద్దున్న బస్సు దిగాను. అప్పలనర్సమ్మ పల్లె ఇక్కడికి మూడు కిలోమీటర్లే. ధైర్యం తెచ్చుకోవడానికి ముందు టిఫిన్ చేశాను: పూరీ, బొంబాయి చట్నీ, ముప్ఫై అయిదు రూపాయలు. ఆ తర్వాత చిరిగిన కార్డుల బదులు కొన్ని వేయించుకుందామనే వంక మీద ఒక ప్రెస్సులోకి వెళ్లాను. ఒకటే గది, ఒకటే మిషను. గోడ నిండా శుభలేఖల నమూనాలు.

ప్రెస్సాయనకి యాభై దాటి ఉంటాయి. నా కార్డు తీసుకుని, ముందు వెనకలు చూసి, కళ్లజోడు పైకి తోసుకుని అడిగాడు.

“అమ్మా, అంతా బాగుంది. వంట ఎవులిది?”

“ఏం?”

“పులుసు కార్డు ఏయించినావు. వండినోల్ల పేరు ఏదీ?”

నాకు అర్థం కాలేదు. ఆయన గోడ మీదినుంచి ఒక శుభలేఖ తీసి చేతికిచ్చాడు. వధువు, వరుడు, ముహూర్తం, పిలిచేవారు, అన్నీ అందరి శుభలేఖల్లో ఉన్నట్టే ఉన్నాయి. అట్టడుగున, మేళం పేరు పక్కన, విడిగా ఒక వరస: ‘చేతి వంట: చుక్క అప్పలనర్సమ్మ’. ఇంకోటి తీశాడు. వేరే పెళ్లి, వేరే వంటమేస్త్రి పేరు. నాలుగో దాంట్లో మళ్లీ అప్పలనర్సమ్మ.

“మా సుట్టుపక్కల పల్లెల్లో ఇలాగే ఏయిస్తారు. పెల్లికొడుకు పేరు తప్పు పడితే సద్దుకుంటారు గానీ, వంట పేరు నేకపోతే ఊరుకోరు. పేరు సూసే కదా జనం కదులుతారు. అప్పలనర్సమ్మ అని ఉంటే పది మంది ఎక్కువొస్తారు.”

మా వైపు శుభలేఖల్లో డిగ్రీలు వేస్తారు, ఉద్యోగాలు వేస్తారు, అమెరికాలో ఉన్న మేనమామని వేస్తారు. వంట చేసినవాళ్లని పెరట్లో ఉంచుతారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె పరువు కాపాడుతున్నాననుకుంటూ కార్డు మీద ‘వంటమనిషి’ అని వేయించుకుని ఆమె సొంత ఊరికే మోసుకొచ్చాను.

“ఈ అప్పలనర్సమ్మ ఇప్పుడు ఇంట్లో ఉంటుందా?”

“ముహూర్తాల రోజుల్లో ఇంటికాడ ఉంటాదేటి? రేపు శ్రీకాకుళం అవతల పెల్లి. నిన్ననే ఎల్లిపోనాది.” నాలుగో శుభలేఖ ఆ పెళ్లిదే, వెనక్కి తిప్పి ఊరు పేరు చూపించాడు. “పేరు ఏసీమంటావా? అరగంట పని.”

వేసేయమందామని నోటిదాకా వచ్చింది. అడగకుండా చేసిన పనికే ఇంత దూరం వచ్చాను, మళ్లీ అడగకుండా ఇంకో పని ఎందుకని ఆగాను. ఆ శుభలేఖ మాత్రం అడిగి తీసుకున్నాను.

శ్రీకాకుళం అవతల, పెళ్లివారి పెరడు

నాలుగింటికి చేరాను. పందిరి వెనక గాడిపొయ్యి తవ్వి, దాని మీద వరసగా గుండిగలు. ఏడెనిమిది మంది ఆడవాళ్లు పనసకాయలు కొడుతున్నారు. మధ్యలో, కొంగు నడుముకి చుట్టి, చేతిలో తెడ్డంత గరిటెతో అప్పలనర్సమ్మ. మనిషి కాస్త ఒళ్లు చేసింది. గొంతు అదే.

“ఒలమ్మో, వార్డెనమ్మా! ఇక్కడికెలాగొచ్చినావు? కూకో. అక్కడ కాదు, నూనె సిందుతాది. దూరంగా కూకో.”

మంచినీళ్లిచ్చింది. మా ఆయన్ని, హాస్టలు పిల్లలని పేరు పేరునా అడిగింది. నేను అసలు సంగతి ఎత్తకుండా పిల్లల కబుర్లే చెప్పుకుపోయాను. ఆమే రొంటిన దోపుకున్న కార్డు తీసి నా ముందు పెట్టింది. మూలన పనసజిగురు.

“నిన్న కోట నుంచి కాయలొచ్చినాయి. ఇది కాయకి అంటుకొని వచ్చినాది. సదివించుకుంటే కింద నీ పేరొచ్చినాది. వంటమనిసి సేసీ పులుసట. వంటమనిసంటే ఎవులు? నాకు పేరు నేదేటి?”

నేను అంతా చెప్పేశాను. ఆమె కబుర్లన్నీ పుస్తకం చేశానని, పేరు మార్చానని, మొగుడి సంగతి కూడా ఉందని, నలుగురిలో ఆమెకి చిన్నతనంగా ఉంటుందని అలా చేశానని. అడక్కపోవడం తప్పేనని కూడా అన్నాను.

“ఆడు ఎలిపోయి ఇరవయ్యేళ్లయినాది. ఊరంతా ఎరుగు. ఎలిపోనోడికి సిన్నతనం గానీ నాకేటి?” అంది. గుండిగలో గరిటె ఒకసారి తిప్పి, మళ్లీ నా వైపు తిరిగింది. “నా కట్టాలు రాసినకాడ పేరు మార్సినావు, సరే. పులుసు కాడ కూడా మార్సీసినావేటి?”

హాస్టల్లో అన్నేళ్లు పిల్లలందరినీ సంజాయిషీ అడిగినదాన్ని, నేను చెప్పాల్సి వచ్చేసరికి కింద పడ్డ పనసముక్కలు ఏరుతూ కూర్చున్నాను.

“ఇంతకీ ఆకరున ఏటేస్తానని రాసినావు?”

“బెల్లం ముక్క. నువ్వు చెప్పిందే.”

ఆమె పొయ్యి చుట్టూ ఉన్నవాళ్లని చూసింది. ముందు కూరలు తరిగేవాళ్లు నవ్వారు, తర్వాత ఆమె నవ్వింది. “నెత్తళ్లలో బెల్లమేటి, వార్డెనమ్మా! అసలుది సెప్పీసుంటే నువ్వింకో మనిసినెట్టుకొని వండించీదానివి కాదేటి?”

నాకు ఒళ్లు మండిపోయింది. “పన్నెండేళ్లు నన్ను మోసం చేశావా?”

“తిన్నావా, నేదా? బాగుందా, నేదా? మరింకేటి మోసం?”

పెళ్లికి శాకాహారం గానీ, పనివాళ్లకి ఒక మూల చిన్న గిన్నెలో నెత్తళ్ల పులుసు పెట్టారు. నాకూ ఆకు వేసింది. ప్రతి ముద్దా నాలుక మీద ఉంచుకుని వెతికాను. వెల్లుల్లి కాదు, మెంతులు కాదు, ఆవపిండి కాదు. పట్టుకోలేకపోయాను. ఆమె పక్కనే నిలబడి నా మొహం చూస్తూ హాయిగా నవ్వుకుంటోంది.

చెయ్యి కడుక్కుని, ఆదివారం విజయనగరం రమ్మని అడిగాను.

“పిలిసినావేటి?”

“ఇప్పుడు పిలుస్తున్నానుగా.”

“పేరు నేని కార్డట్టుకొని నోటితో పిలిసీడవేటి? బొట్టెట్టి, పేరున్న కార్డు సేతిలో ఎట్టి పిలిస్తే అప్పుడు సూస్తాను.”

“అయితే పేరు వేయించమంటావా?”

“నానెందుకంటాను? పుత్తకం నీది,” అని, పొయ్యిలో ఒక కట్టె ఎగదోసి, “ఇంటిపేరుతో ఏయించు,” అంది. మళ్లీ పొయ్యి వైపు తిరిగిపోయింది.

మళ్లీ గజపతినగరం

శనివారం ప్రెస్సాయన నన్ను చూసి ఏమీ అడగలేదు. మిగిలిన రెండు వందల కార్డుల మీదా ఒక వరస వేసి ఇచ్చాడు: ‘చేతి వంట: చుక్క అప్పలనర్సమ్మ’. చిరిగిన వాటి బదులు కొత్తవి వేద్దామా అన్నాడు గానీ, ఇక వద్దన్నాను.

పల్లెకి ఆటోలో వెళ్లాను. ఇల్లు తాళం వేసి ఉంది. పెళ్లి ఆ రోజే, ఆమె ఉండదని తెలిసే కోడలి చేతికిద్దామని వెళ్లాను. కోడలు పుట్టింట్లో ఉందట. నేను కుంకుమ పొట్లం పట్టుకుని వీధిలో నిలబడిపోయాను. ఎదురింటి ఆమె నా అవస్థ చూసి చెప్పింది: “మనిసి నేకపోతే గడపకెట్టీమ్మా. కార్డు గుమ్మానికి గుచ్చీ. అది కూడా పిలుపే.” మా వైపు ఇప్పుడు పిలుపులన్నీ ఫోన్లోనే అయిపోతున్నాయి, మొన్న మా సొంత ఆడపడుచే పెళ్లికి వాట్సాప్‌లో పిలిచింది. నేను ఆ గడప ముందు వంగి బొట్టు పెట్టి, తలుపు సందులో కార్డు గుచ్చి, ఎవరూ లేని ఇంటితో “ఆదివారం తప్పకుండా రా” అని పైకే అన్నాను. ఎదురింటామె నవ్వలేదు.

విజయనగరం

హాల్లో నలభై కుర్చీలు వేయించారు లెక్చరరు గారు. అయిదుంపావుకి పదకొండు మంది. కొత్తవలస తెల్లచీర ఆవిడ నిజంగానే వచ్చింది, మరో ఇద్దరిని వెంటబెట్టుకుని. టీ కొట్టులో కార్డు చూశామని ఒక జంట వచ్చారు. నా కళ్లు మాత్రం మెట్ల మీదే ఉన్నాయి. అయిదున్నరకి లెక్చరరు గారు “మొదలుపెడదామా?” అన్నారు. “ఇంకొక్క అయిదు నిమిషాలు,” అన్నాను. ఆ మాట మూడుసార్లు అన్నాను. చివరికి ఆయనే లేచి మాట్లాడడం మొదలుపెట్టారు. మాట్లాడినంతసేపూ ఒక్క ముక్క నా చెవికెక్కలేదు. అటక మీద పుస్తకాలకి చోటు ఎక్కడుందా అని చూసుకుంటున్నాను.

ఆయన ముగిస్తుండగా మెట్ల మీద మాటలు వినపడ్డాయి. ముందు అప్పలనర్సమ్మ, పెళ్లివారు పెట్టిన కొత్త చీర కట్టుకుని. వెనక కూరలు తరిగిన ఆడవాళ్లు ఆరుగురు. ముందు వరసలో సరాసరి వచ్చి కూర్చుని, అందరికీ వినపడేట్టు నాతో అంది: “బొట్టు ఎడంపక్కెట్టినావు. గడపకి కుడిపక్కెట్టాల. ఏటి సదువుకున్నావో.”

కార్డుల కట్ట ఆమె చేతికిచ్చాను. “ఏదీ నా పేరు?” అంది. వేలు పట్టుకుని ఆ వరస మీద పెట్టాను. ఆమె వేలు తీయలేదు. అక్షరాలు ఒక్కొక్కటీ తడుముతున్నట్టు చివరిదాకా జరిపింది, మళ్లీ మొదటికి వచ్చింది. నాకు కళ్లు చెమర్చాయి, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

“పుత్తకం మీద కూడా ఉన్నాదా?”

“లేదు. మళ్లీ అచ్చు వేసినప్పుడు వేయిస్తాను. ఒట్టు.” తర్వాత గొంతు తగ్గించి అడిగాను: “అప్పుడైనా అసలుది చెబుతావా?”

“సూద్దారి,” అంది.

లేచి, కొంగు నడుముకి దోపుకుని, కార్డులు పట్టుకుని వరస వెంట నడిచింది. విస్తళ్ల ముందు నడిచినట్టే, ఏ ఒక్కరినీ వదలకుండా, ఒక్కొక్కరి చేతిలో పెడుతూ, “నా పేరున్నాది సూడండి” అంటూ. నేను స్టేషన్లో నేర్చుకున్న బోర్లా పట్టుకునే విద్య ఆమెకి అక్కర్లేకపోయింది. తీసుకున్న ప్రతివాళ్లూ కార్డు చూసి, తలెత్తి ఆమెని చూసి, మళ్లీ కార్డు చూశారు.

రెండో వరసలో, తెల్లచీర ఆవిడ పక్కనున్న ఆమె కార్డు చదువుకుని అడిగింది. “అయితే అమ్మా, దించీ ముందు ఏటేత్తావు మరి?”

బెల్లం అన్నది అబద్ధమని అప్పలనర్సమ్మ ఒక్క మాట అంటే చాలు, పుస్తకమూ పోతుంది, నా పరువూ పోతుంది. కూరలు తరిగే ఆరుగురూ చీర కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అప్పలనర్సమ్మ నా వైపు చూసింది. బల్ల మీద పేర్చిన పుస్తకాల వైపు చూసింది. అడిగినామె చేతిలోని కార్డు మీద, తన పేరున్నచోటే, వేలు పెట్టింది.

“నలభై మూడో పేజీలో ఉన్నాది. కొనుక్కొని సదువుకోండి.”